ఉక్కు గట్టిదనానికి కొలత చెప్పిన బ్రినెల్

వర్క్‌షాపుల్లోనూ, కర్మాగారాల్లోనూ పనిచేసి పదవీ విరమణ చేసిన మిత్రులకు బ్రినెల్ అన్న మాట కొత్తది కాదు. డ్రాయింగుల మీద బి.హెచ్.ఎన్. అన్న మూడక్షరాలు, వాటి పక్కన ఒక అంకె ఎన్నోసార్లు చూసే ఉంటారు. అందులో మొదటి అక్షరం ఒక ఇంజనీరు పేరుది.

యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ 1849లో స్వీడన్ దేశంలోని బ్రింగెతొఫ్తాలో జన్మించారు. సాంకేతిక పాఠశాలలో చదువు ముగించి, 1875లో లెషోఫోర్స్ ఇనుప కర్మాగారంలో ఇంజనీరుగా చేరారు. 1882లో ఫాగెర్‌స్టా కర్మాగారానికి చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఉక్కును కాల్చి చల్లార్చినప్పుడు దాని లోపలి అమరిక ఎలా మారుతుందో పరిశీలించి, 1885లో ఆయన ప్రకటించిన ఫలితాలు నిపుణుల దృష్టిని ఆకర్షించాయి.

ఉక్కు తయారుచేసేవారికి ఆ రోజుల్లో ఒక చిక్కు ఉండేది. ముక్క ఎంత బలమైనదో తెలియాలంటే దాన్ని లాగి తెంచి చూడాలి. తెగిన ముక్క మళ్లీ పనికిరాదు. తెంచని ముక్క సంగతి తెలియదు. ఆకురాయితో గీసి చూసే పనివాడి అనుభవమే ఆధారం. ఆ అనుభవం మనిషి మనిషికీ మారుతుంది.

బ్రినెల్ చూపిన ఉపాయం చాలా తేలిక. పది మిల్లీమీటర్ల ఉక్కు గుండును మూడువేల కిలోల బరువుతో లోహం మీద కొన్ని సెకన్లు నొక్కి, పడిన గుంట వ్యాసాన్ని కొలవాలి. బరువును గుంట ఉపరితల వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే బ్రినెల్ సంఖ్య. గుంట నాలుగు మిల్లీమీటర్లుంటే 229, అయిదుంటే 143. మామూలు ఉక్కులో ఈ సంఖ్యలో మూడోవంతుకు కాస్త పైన తీసుకుంటే, చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కిలోల లాగుడుకు తట్టుకుంటుందో సుమారుగా తెలుస్తుంది. చిన్న గుంట తప్ప వస్తువుకు నష్టం లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ పద్ధతి లోకానికి పరిచయమైంది. అప్పటికి ఆయన వయసు సుమారు యాభై ఏళ్లు.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. లోహం మరీ గట్టిదైతే గుండే నలుగుతుంది. అందుకని తరువాత టంగ్‌స్టన్ కార్బైడ్ గుండ్లు వచ్చాయి. 1920లలో ఇంగ్లండులోని వికర్స్ సంస్థలో పిరమిడ్ ఆకారపు వజ్రపు మొనను వాడారు. దానికి 136 డిగ్రీల కోణాన్ని ఎంచుకున్నది, దాని అంకెలు బ్రినెల్ అంకెలకు దగ్గరగా ఉండాలనే. పింగాణీ జాతి ఆధునిక సిరామిక్‌లను నేడు అలాంటి వజ్రంతోనే పరీక్షిస్తారు. గుంట మూలల్లో పుట్టే పగుళ్లను బట్టి అవి ఎంత పెళుసో అంచనా వేస్తారు. పలుచని పూతలలో గుంట లోతు పూత మందంలో పదోవంతు దాటితే కింది లోహం ప్రభావం కలుస్తుంది. అంత సూక్ష్మమైన గుంటను కంటితో చూసి కొలవడం కష్టం గనుక, నొక్కుతున్నప్పుడే బరువునూ లోతునూ యంత్రమే నమోదు చేస్తుంది.

బ్రినెల్ 1903 నుంచి 1914 వరకు స్వీడన్ ఇనుప ఉత్పత్తిదారుల సంస్థలో చీఫ్ ఇంజనీరుగా ఉన్నారు. 1907లో బ్రిటన్ వారి బెస్సెమర్ స్వర్ణపతకం అందుకున్నారు. 1925 నవంబరు 17న స్టాక్‌హోంలో కన్నుమూశారు. పనివాడి చేతికి మాత్రమే తెలిసిన గట్టిదనాన్ని అందరూ ఒప్పుకునే అంకెగా మార్చిన ఆయన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.