తిన్నది ఒంటబట్టాలంటే: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

బాగా తింటున్నా రోజురోజుకీ చిక్కిపోయే మనిషిని మీరు చూసే ఉంటారు. అతనికి తిన్నది ఒంటబట్టడం లేదని అంటాం. అలాంటి జబ్బే ఒక తెలుగు కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములను బలితీసుకుంది. అదే జబ్బు బారినపడి బతికిన వారి సోదరుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితంతోపాటు మనం తిన్న అన్నం ఏమవుతుందో కూడా ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాల్యం, చదువు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చిన్నతనంలో ఆయనకు చదువుమీద మనసు నిలవలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి పట్టుదలతో మళ్లీ బడికి వెళ్లారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని ప్యాసు కాలేదు. మధ్యలో చదువు ఆపి మళ్లీ మొదలుపెట్టిన మీరు ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాత ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఇంటిని కమ్మిన జబ్బు

సుబ్బారావు సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. దీన్ని గ్రహణి అని కూడా అంటారు. సుబ్బారావుకూ ఇదే జబ్బు చేసింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు.

ఈ జబ్బు ఏం చేస్తుందో తెలియాలంటే అన్నం వెళ్లే దారి చూడాలి. రాయపూర్‌లో తిన్నా, భీమవరంలో తిన్నా ఆ దారి ఒకటే. నోటిలో లాలాజలం పిండిపదార్థాన్ని కరిగించడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలో జఠరరసం మాంసకృత్తులపై పనిచేస్తుంది. సుమారు 6 మీటర్ల పొడవున్న చిన్నప్రేగులో పైత్యరసం, క్లోమరసం కలిసి జీర్ణక్రియ పూర్తవుతుంది. ఆ ప్రేగు లోపలి గోడమీద వెల్వెట్ గుడ్డ నూగులాగా లక్షలాది చూషకాలుంటాయి. గ్లూకోజ్, ఎమైనో ఆమ్లాలు వీటి ద్వారా రక్తంలోకి, కొవ్వులు శోషరస నాళాలలోకి చేరుతాయి. దీన్నే శోషణ అంటాం. ఒంటబట్టడం అంటే ఇదే.

స్ప్రూలో ఈ చూషకాలు అరిగి చదునవుతాయి. తిన్నది విరేచనాలలో పోతుంది. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా ఒంటికి చేరదు. అది లేకపోతే కొత్త రక్తకణాలు సరిగా తయారుకావు. మనిషి పాలిపోతాడు, నాలుక పుండవుతుంది.

అమెరికాలో పరిశోధన

సుబ్బారావు 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలను పరిశోధించి, 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే కాలంలో దాన్ని కనుగొన్నారు. ఆహారంలోని శక్తిని మన కణాలు వాడుకునేది ఈ ఏటీపీ రూపంలోనే.

1940లో ఆయన లెడర్లే సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తం మెరుగుపడింది. 1948లో అదే సంస్థనుంచి టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. నేడు ఉష్ణమండలాల స్ప్రూకు వైద్యులు ఇచ్చేవి ముఖ్యంగా ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ మందులే.

సుబ్బారావు తిరిగి స్వదేశం చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూశారు. సోదరులను ఆయన కాపాడుకోలేకపోయారు. కాని అదే జబ్బుతో ఆ తరువాత మంచం పట్టిన ఎందరికో ఆయన కృషివల్ల మందు దొరికింది.

ఫోలిక్ ఆమ్లం మీ వంటింట్లోనూ ఉంది. ఆకుకూరలు, పప్పుధాన్యాలు తినండి. ఆకుకూరలను ఎక్కువసేపు ఉడికిస్తే ఈ విటమిన్ తగ్గిపోతుంది. విరేచనాలు రోజుల తరబడి తగ్గకపోతే వైద్యుని వద్దకు వెళ్లండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. జీర్ణక్రియకు, శోషణకు తేడా ఏమిటి?
2. చూషకాలు అరిగిపోతే మనిషి ఎందుకు చిక్కిపోతాడు?
3. ఫోలిక్ ఆమ్లం దొరికే ఆహారపదార్థాలలో ఈ వారం మీరు తిన్నవి ఏవి?