చర్చిల్ చేతికి పిస్తోలునిచ్చిన బొంబాయి రేవు

1896 అక్టోబరులో బొంబాయి ససూన్ రేవు గోడ పక్కన ఒక చిన్న పడవ అలలకు నాలుగైదు అడుగుల ఎత్తున లేస్తూ పడుతూ ఉంది. ఒడ్డెక్కే ఆత్రంలో ఒక బ్రిటిష్ యువ సైనికాధికారి గోడకు బిగించిన ఇనుప కడియాన్ని కుడిచేత్తో అందిపుచ్చుకున్నాడు. అతడు మెట్టు మీద కాలు మోపేలోగా పడవ కిందికి జారిపోయింది. చెయ్యి కడియం దగ్గరే ఉండిపోయి, ఒంటి బరువంతా భుజం మీద పడి, కీలు తొలగింది. అప్పటికి నొప్పి సర్దుకుంది గాని ఆ భుజం జీవితాంతం మళ్లీ మామూలు కాలేదు.

ఆ యువకుడు విన్‌స్టన్ స్పెన్సర్ చర్చిల్. తర్వాతి కాలంలో బ్రిటన్‌కు రెండుసార్లు ప్రధానమంత్రి అయి, భారత స్వాతంత్ర్యాన్ని చివరిదాకా అడ్డుకోజూసిన ఆ నాయకుడు మొదటిసారిగా సెమీ ఆటోమేటిక్ పిస్తోలును ఎంచుకోవడానికి కారణం ఆ రేవులో జరిగిన ప్రమాదమే.

చర్చిల్ 1874 నవంబరు 30న ఇంగ్లండులోని బ్లెన్‌హైమ్ సౌధంలో జన్మించాడు. తండ్రి లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ కొంతకాలం భారత వ్యవహారాల మంత్రిగా పనిచేశాడు. తల్లి జెన్నీ జెరోమ్ అమెరికన్. హారో పాఠశాలలో చదువు అంతంతమాత్రం. కత్తిసాములో మాత్రం 1892లో పాఠశాలలన్నింటికీ జరిగిన పోటీలో విజేతగా నిలిచాడు. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల ప్రవేశ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాడు. 1895 జనవరిలో తండ్రి మరణించాడు. మరుసటి నెలలోనే నాలుగో హుస్సార్ల అశ్వికదళంలో అధికారిగా చేరాడు. మరుసటి సంవత్సరం ఆ దళానికి బెంగళూరు కంటోన్మెంటుకు బదిలీ అయింది.

బెంగళూరులో పొద్దున కవాతు, సాయంత్రం పోలో, మధ్యాహ్నమంతా పుస్తకాలు. గిబ్బన్, మెకాలే, ప్లేటో రచనలను అతడు చదివింది ఆ బంగళాలోనే. పోలో ఆడాలంటే మోచేతిని పట్టీతో ఒంటికి బిగించి కట్టుకోవలసి వచ్చేది. అలాగే ఆడుతూ, భారతదేశంలో దిగిన కొద్ది వారాలకే, 1896 నవంబరులో హైదరాబాదులో గోల్కొండ కప్పు గెలిచిన జట్టులో అతడూ ఒకడయ్యాడు. వారు ఓడించినది నిజాం అంగరక్షక దళపు జట్టును. ఆ నెలలోనే హైదరాబాదు రెసిడెంటు కుమార్తె పమేలా ప్లౌడెన్‌తో పరిచయం కలిగింది. ఇద్దరూ ఏనుగు అంబారీ మీద నగర వీధులు చూసివచ్చారు.

పట్టీ కట్టుకుని పోలో ఆడవచ్చు, యుద్ధం మాత్రం చేయలేరు. అశ్వికదళ అధికారికి ఆ రోజుల్లో ప్రధాన ఆయుధం పొడవాటి ఖడ్గం. పరుగెత్తే గుర్రం మీద నుంచి దాన్ని బలంగా విసిరితే కీలు మళ్లీ తొలగవచ్చు. శత్రువుల నడుమ కుడిచెయ్యి వేలాడిపోయిన రౌతుకు బతుకు మీద ఆశ ఉండదు. కత్తిసాము విజేతకు కత్తే నమ్మరానిదైపోయింది.

1897 సెప్టెంబరు 16న వాయవ్య సరిహద్దులోని మామంద్ లోయలో ఈ చిక్కు మొదటిసారి ప్రాణం మీదికి వచ్చింది. 35వ సిక్కు పటాలంతో కలిసి కొండ దిగి వెనక్కి వస్తుండగా, గాయపడిన ఒక అధికారిని మోసేవారు శత్రువులు మీద పడేసరికి వదిలి పరుగెత్తారు. ఒక పఠాన్ ఆ అధికారిని కత్తితో నరకడం చర్చిల్ కళ్లారా చూశాడు. ఖడ్గం దూసి ముందుకు ఉరకబోయి, అంతలోనే మనసు మార్చుకుని రివాల్వర్ తీసి కాల్చాడు. ఫలితం లేకపోయింది. చుట్టూ తనవారెవరూ లేరని గ్రహించి వెనుదిరిగి పరుగెత్తాడు. ఆ దండయాత్ర గురించి రాసిన పుస్తకమే అతని మొదటి గ్రంథం. అది 1898లో వెలువడింది.

ఆ సంవత్సరం వేసవిలో సెలవు మీద లండన్ వచ్చినప్పుడు అతని లక్ష్యం సూడాన్. కిచెనర్ సేనాపత్యంలో బ్రిటిష్-ఈజిప్షియన్ సైన్యం ఖలీఫా రాజధాని ఒండుర్మాన్ మీదికి సాగుతోంది. పత్రికలకు రాసే ఈ యువకుడు తన సైన్యంలో వద్దని కిచెనర్ పట్టుబట్టాడు. చర్చిల్ తల్లి పరిచయాలన్నీ వాడుకున్నాడు, ప్రధాని సాలిస్‌బరీ దాకా వెళ్లాడు. చివరికి 21వ లాన్సర్ల దళంలో తాత్కాలికంగా చేరడానికి అనుమతి లభించింది. ఖర్చులన్నీ తనవే, చనిపోయినా గాయపడినా సైనిక ఖజానాకు సంబంధం లేదు అన్నది షరతు.

ఆ కాలంలో బ్రిటిష్ అధికారులు చేతి తుపాకిని సొంత డబ్బుతో కొనుక్కునేవారు. దాదాపు అందరూ కొనేది రివాల్వరే. అందులో సాధారణంగా ఆరు తూటాలు. మీట నొక్కినప్పుడల్లా తూటాల చక్రం ఒక గడి తిరుగుతుంది. కదిలే భాగాలు కొద్దివి, దుమ్ముకూ ధూళికీ తట్టుకుంటుంది, తూటా బరువైనది, తగిలిన మనిషిని నిలబెట్టేస్తుందని పేరు. ఆరూ అయిపోతే మాత్రం కదిలే జీను మీద మళ్లీ నింపడం దాదాపు అసాధ్యం.

చర్చిల్ కొన్నది అప్పటికి రెండేళ్ల కిందటే తయారీ మొదలైన మౌజర్ పిస్తోలు. జర్మనీలోని ఓబెర్న్‌డార్ఫ్ కర్మాగారంలో ఫీడర్లే సోదరులు దానికి రూపకల్పన చేశారు. అందులో తూటా పేలిన విసురుకే యంత్రభాగం వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, స్ప్రింగు ఒత్తిడితో తిరిగి వస్తూ తర్వాతి తూటాను గొట్టంలోకి నెడుతుంది. కాల్చేవాడు చేయవలసింది ఒక్కొక్క గుండుకు ఒక్కొక్కసారి మీట నొక్కడమే. సెమీ ఆటోమేటిక్ అనే మాటకు అర్థం ఇదే. పిడి చీపురుకట్ట పిడిలా గుండ్రంగా ఉంటుంది. తూటాల పెట్టె మీటకు ముందువైపు ఉంటుంది. పది తూటాలను ఒక లోహపు పట్టీకి గుచ్చి, పైనుంచి ఒక్క తోపుతో లోపలికి దించవచ్చు. చెక్క ఒరను పిడికి తగిలిస్తే చిన్న తుపాకిలా భుజానికి ఆనించి కాల్చవచ్చు.

లోపాలు లేకపోలేదు. బరువు కిలోకు పైమాటే. గుండు 7.63 మిల్లీమీటర్లది, సన్నం. ఎడారి ఇసుకలో ఇంతటి సున్నితమైన యంత్రం మొరాయిస్తుందేమోనన్న సందేహం సహజం. అయితే భుజం మీద ఆధారపడకుండా, ముంజేతిని మాత్రం కదిలించి, తిరిగి నింపే అవసరం లేకుండా పదిసార్లు కాల్చగల ఆయుధం అతనికి కావలసింది. కొని పెట్టెలో పెట్టుకోలేదు కూడా. నైలు వెంట సాగిన ప్రయాణమంతా దానితో శ్రద్ధగా సాధన చేశాడు. కొత్త ఆయుధాన్ని ఎంచుకోవడం కన్నా ఈ సాధనే అతన్ని ఎక్కువ కాపాడిందని చెప్పవచ్చు.

1898 సెప్టెంబరు 2 ఉదయం ఒండుర్మాన్ మైదానంలో మూడు వందల పైచిలుకు లాన్సర్లు ఎదురుగా కనిపించిన పలుచని శత్రు వరుస మీదికి గుర్రాలను దౌడు తీయించారు. అధికారులందరి చేతుల్లో దూసిన ఖడ్గాలున్నాయి, చర్చిల్ చేతిలోనూ ఉంది. పరుగెత్తే గుర్రం మీద అతడు ఖడ్గాన్ని తిరిగి ఒరలో దూర్చాడు. అదేమంత తేలిక పని కాదు. తర్వాత చెక్క ఒరలోంచి మౌజర్‌ను తీసి, దాని సుత్తిని వెనక్కి లాగి సిద్ధం చేసుకున్నాడు. ఈ రెండు పనులూ ముగిసేదాకా తల ఎత్తి చూడనే లేదు. చూసేసరికి నీలి దుస్తుల్లో మోకాళ్ల మీద కూర్చుని కాలుస్తున్న మనుషులు దగ్గరలో ఉన్నారు. వారి వెనుక, దూరానికి కనిపించని ఒక ఎండిన వాగులో రెండు వేల మందికి పైగా పొంచి ఉన్నారు.

అతడు ఎక్కినది పోలోకు అలవాటుపడిన బూడిదరంగు అరబ్బు గుర్రం. వాగులోకి పిల్లిలా దిగింది. దాని కాలి నరాలు తెగవేయడానికి ఒక యోధుడు నేల మీదికి వాలి వంపుకత్తి ఎత్తాడు. చర్చిల్ గుర్రాన్ని పక్కకు తిప్పి, జీను మీంచి వంగి రెండుసార్లు కాల్చాడు. లేచేలోగా ఇంకొకడు కత్తి ఎత్తి ఎదురయ్యాడు. పిస్తోలు కొన అతని ఒంటికి తగిలేంత దగ్గర. ఎడమవైపు ఇనుప శిరస్త్రాణం ధరించిన ఒక రౌతు వచ్చి, గుండు వెళ్లగానే తప్పుకుపోయాడు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. చర్చిల్‌కు గీత కూడా పడలేదు. అతని కోసం ముందు ఉంచిన ట్రూపు, అతడు రావడం ఆలస్యమైనందున రాబర్ట్ గ్రెన్‌ఫెల్ అనే అధికారికి దక్కింది. గ్రెన్‌ఫెల్ ఆ వాగులో మరణించాడు. దళంలో మొత్తం 21 మంది చనిపోయారు, 119 గుర్రాలు చచ్చాయి లేదా గాయపడ్డాయి.

ఆ రోజు యుద్ధం మొత్తంలో సూడానీయులు పది వేల మంది దాకా హతులయ్యారు. బ్రిటిష్-ఈజిప్షియన్ పక్షంలో మరణాలు యాభైకి మించలేదు. మాక్సిమ్ మరతుపాకులకూ బల్లేలకూ మధ్య జరిగిన ఆ పోరును సమాన యుద్ధమనడం కష్టం. లాన్సర్ల దాడి కథలు చెప్పుకునేవారు ఈ లెక్కను తరచు మరచిపోతారు. చర్చిల్ పూర్తిగా మరవలేదు. గాయపడిన శత్రువుల పట్ల కిచెనర్ సైన్యం చూపిన కాఠిన్యాన్ని తన పుస్తకంలో విమర్శించాడు. బొంబాయిలో భుజం జారకపోయి ఉంటే ఆ వాగులో చేతిలో ఖడ్గమే ఉండేదని, తాను బతికి బయటపడేవాడినో లేదోనని ఆత్మకథలో తలపోశాడు.

భారతదేశానికి తిరిగి వచ్చి, 1899 ఫిబ్రవరిలో మీరట్‌లో రెజిమెంట్ల పోలో కప్పును, మళ్లీ కీలు తొలగిన భుజంతోనే, తన జట్టుతో కలిసి గెలిచాడు. తర్వాత సైన్యానికి రాజీనామా చేశాడు. బెంగళూరు క్లబ్బు ఖాతాలో 13 రూపాయల బాకీ మిగిలింది.

అదే ఏడాది బోయర్ యుద్ధానికి విలేకరిగా దక్షిణాఫ్రికా వెళ్తూ మౌజర్‌ను వెంట తీసుకుపోయాడు. విలేకరికి ఆయుధం నిషిద్ధం, అయినా నడుముకు కట్టుకున్నాడు. నవంబరు 15న నాటాల్‌లో అతడు ప్రయాణిస్తున్న కవచ రైలును బోయర్లు పట్టాలు తప్పించారు. గుండ్ల వర్షంలో అతడు సైనికులను కూడగట్టి, దారికి అడ్డంగా పడిన పెట్టెను ఇంజనుతో నెట్టించాడు. ఆ పనిలో అడ్డమొస్తోందని పిస్తోలును విప్పి ఇంజనులో పెట్టాడు. గాయపడినవారితో ఇంజను వెళ్లిపోయింది, పిస్తోలూ దానితోపాటే వెళ్లింది. వెనుక చిక్కినవారి కోసం తిరిగి వస్తుంటే ఒక బోయర్ రౌతు తుపాకి గురిపెట్టాడు. చర్చిల్ చెయ్యి అలవాటుగా నడుము మీదికి పోయింది. అక్కడేమీ లేదు. చేతులెత్తాడు. ఆ రౌతు తర్వాతి కాలంలో దక్షిణాఫ్రికా ప్రధాని అయిన లూయిస్ బోథాయేనని అతడు నమ్మేవాడు, చరిత్రకారులు దాన్ని అంగీకరించరు.

జేబుల్లో మాత్రం పదేసి మౌజర్ తూటాల పట్టీలు రెండు మిగిలి ఉన్నాయి. ఆయుధం పట్టిన పౌరుడిగా తేలితే కాల్చివేయవచ్చునని అతనికి తెలుసు. నడుస్తూనే ఒకదాన్ని నేల మీదికి జారవిడిచాడు. ఒండుర్మాన్‌లో ప్రాణం కాపాడిన పిస్తోలు ఇక్కడ చేతిలో లేకపోవడమే ప్రాణం కాపాడిందనాలి. డిసెంబరు 12 రాత్రి ప్రిటోరియా చెర నుంచి తప్పించుకున్నాడు. పట్టిచ్చినవారికి 25 పౌండ్ల బహుమానం ప్రకటించారు. ఆ సాహసం అతన్ని బ్రిటన్‌లో వీరుణ్ణి చేసింది. 1900లో ఓల్డమ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అంతకు ముందు ఆ సంవత్సరం జనవరిలో స్పియాన్ కాప్ కొండ మీద మరో సంఘటన జరిగింది. మళ్లీ సైనికాధికారిగా చేరిన చర్చిల్ వార్తలు మోస్తూ ఆ కొండ ఎక్కి దిగాడు. ఆ పోరులోనే గాయపడిన బ్రిటిష్ సైనికులను డోలీల మీద మైళ్ల దూరం మోసిన భారతీయ అంబులెన్స్ దళానికి మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ నాయకుడు. సుమారు 1,100 మంది ఉన్న ఆ దళంలో 800 మంది దాకా ఒప్పంద కూలీలు. మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన అటువంటి కూలీల్లో తెలుగువారు ఎందరో ఉండేవారు. ఇద్దరూ ముఖాముఖి కలిసింది ఒక్కసారే, 1906లో లండన్‌లో, చర్చిల్ వలస వ్యవహారాల ఉపమంత్రిగా ఉన్నప్పుడు.

ఆ తర్వాతి జీవితం లోకానికి తెలిసినదే. గల్లిపోలి వైఫల్యంతో 1915లో పదవి వదులుకుని, ఫ్రాన్స్, బెల్జియం యుద్ధరంగంలో కందకాల్లో పనిచేశాడు. అప్పటికి అతని ఆయుధం అమెరికాలో తయారైన కోల్ట్ .45, అదీ సెమీ ఆటోమేటిక్కే. 1930లలో భారతదేశానికి స్వపరిపాలన ఇవ్వరాదని పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడాడు, గాంధీజీ గురించి అవమానకరంగా మాట్లాడాడు. 1940లో ప్రధాని అయి హిట్లర్‌కు ఎదురు నిలిచాడు. ఆ పదవిలో ఉండగానే 1943లో బెంగాల్ కరవు సుమారు 30 లక్షల మందిని బలిగొంది. ధాన్యం పంపడానికి ఓడల కేటాయింపులో అతని ప్రభుత్వం చూపిన అలసత్వాన్ని ఈ దేశం క్షమించలేదు, క్షమించనవసరమూ లేదు.

1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని బలిగొన్నది ఇటలీలో తయారైన బెరెట్టా సెమీ ఆటోమేటిక్ పిస్తోలు. చర్చిల్ అప్పటికి ప్రతిపక్ష నాయకుడు. 1951లో మళ్లీ ప్రధాని అయ్యాడు, 1953లో సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు, 1955లో తప్పుకున్నాడు.

భుజం బాధ మాత్రం వదల్లేదు. యాభై రెండేళ్ల వయసులో, 1927లో మాల్టాలో చివరి పోలో ఆట ఆడినప్పుడు కూడా చెయ్యి పట్టీలోనే ఉంది. ఒకసారి పార్లమెంటులో ఉద్రేకంగా చెయ్యి ఊపబోయి కీలు దాదాపు తొలగించుకున్నంత పని చేశాడు. 1965 జనవరి 24న, తండ్రి మరణించిన తేదీనే, లండన్‌లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. జనవరి 30న ప్రభుత్వ లాంఛనాల తర్వాత బ్లెన్‌హైమ్‌కు సమీపంలోని బ్లాడన్ గ్రామ చర్చి ఆవరణలో తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు.