ఆర్విల్ రైటు: విమానపు ఱెక్కను కదలించినవాడు

అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో డేటన్ అను పట్టణము కలదు. యునైటెడ్ బ్రెదరెన్ సంఘమునకు బిషప్పుగా నుండిన మిల్టను రైటుగారికిని, ఆయన సతి సూసానుగారికిని 1871వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీని ఆర్విల్ జన్మించెను. అన్న విల్బరు అతనికంటె నాలుగేండ్లు పెద్దవాడు. చెల్లెలు కాథరీను సరిగా మూడేండ్లకు అదే తేదీని పుట్టినది. తండ్రి సంఘపు పనులమీద తఱచుగా దూరపు ఊళ్లకు పోవుచుండెడివాడు. ఇంటిలో విఱిగిన వస్తువులను బాగుచేయుటలో పిల్లలకు తల్లియే మొదటి గురువు. ఆమెకు పనిముట్లు పట్టుట బాగుగా తెలియును.

1878లో తండ్రి ప్రయాణమునుండి వచ్చుచు ఒక ఆటబొమ్మను తెచ్చెను. అది వెదురు, బెండు, కాగితములతో చేసినది. రబ్బరు పట్టీని మెలిపెట్టి విడిచినచో గదిలో కప్పువఱకు ఎగురుచుండెను. అన్నదమ్ములు దానిని విఱుగువఱకు ఆడించి, తరువాత తామే అట్టివి చేయ మొదలిడిరి.

ఆర్విల్ హైస్కూలు చదువు ముగింపలేదు. ఉపాధ్యాయుడనైన నేను ఈ మాట వ్రాయుటకు కొంత వెనుదీయుచున్నాను గాని నిజమును దాచరాదు. అతడు అచ్చుయంత్రమును తానే కూర్చుకొని 1889లో అన్నతో కలిసి ఒక చిన్న పత్రికను నడపెను. తరువాత 1892లో వారు సైకిళ్ల దుకాణమును తెఱచిరి. చెల్లెలు మాత్రము ఓబర్లిన్ కళాశాలలో పట్టము పొంది, డేటన్‌లో ఒక హైస్కూలునందు లాటిను బోధించెను.

1896లో జర్మనీ దేశమున లిలియెంథాల్ అను ప్రసిద్ధుడు గ్లైడరునుండి పడి మరణించెను. అన్నదమ్ములకు ఒక సంగతి స్పష్టమయ్యెను. గాలిలో ఎగురుట కంటె, ఎగిరిన పిమ్మట ఒకవైపునకు ఒరిగినపుడు మరల సరిచేసికొనుట కష్టము. లిలియెంథాల్ తన శరీరమును అటునిటు ఊపి గ్లైడరును నిలువరించెడివాడు. బలమైన గాలికి అది చాలదు. 1899లో విల్బరు దుకాణములో సైకిలు ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతులతో మెలిత్రిప్పుచుండగా, ఱెక్కలను కూడ అట్లే మెలిత్రిప్పవచ్చునని తోచెను. ఒకవైపు ఱెక్క వెనుక అంచు క్రిందికి వంగి, రెండవవైపు అంచు పైకి లేచినచో, మొదటి వైపున పైకి లేపు బలము హెచ్చును, రెండవ వైపున తగ్గును. అప్పుడు యంత్రము ఒరుగును. నేటి విమానములలో ఱెక్క యంతయు మెలిపడదు. ఱెక్క చివరి భాగమున వెనుక అంచునకు కీలుతో అమర్చిన చిన్న పలకలు ఆ పని చేయును. వీనిని ఏలిరాన్లందురు. ఇది చిన్న ఱెక్క యను అర్థముగల ఫ్రెంచి మాట. ఒకటి లేచినపుడు రెండవది దిగును.

ఇచ్చట ఒక చిక్కు దాగియున్నది. అది వారి ప్రాణములమీదికి వచ్చెను. క్రిందికి వంగిన ఱెక్క ఎక్కువగా లేపుటయేగాక, గాలిచే ఎక్కువగా వెనుకకు లాగబడును. ఒకవైపు తిరుగవలెనని ఒరిగించిన గ్లైడరు రెండవ వైపునకు ముఖము త్రిప్పి, పల్లపు ఱెక్కను ఇసుకలో గ్రుచ్చుచు కూలుచుండెను. 1902లో కిటీహాకు ఇసుకతిన్నెలపై ఇట్లు పలుమాఱు జరిగెను. వెనుక నిలిపిన కదలని చుక్కాని దానిని మాన్పుటకు మాఱుగా హెచ్చించెను. ఒకనాటి రాత్రి ఆర్విల్ కాఫీ ఎక్కువ త్రాగి నిద్రపట్టక ఆలోచించుచు, ఆ చుక్కాని కదలునట్లు చేసినచో చాలునని కనుగొనెను. తెల్లవాఱి ఫలాహారపు వేళ ఆ మాట చెప్పుచు, విల్బరు వాదమునకు దిగునని తలచి మఱియొక అన్న లోరినుకు కనుసైగ చేసెను. విల్బరు వాదింపలేదు. కొంచెముసేపు ఊరకుండి, చుక్కాని త్రాడును ఱెక్కలను మెలిపెట్టు త్రాళ్లకే కట్టుదమని సలహా చెప్పెను. ఆ నెలలో వారు వందలకొలది మాఱులు గాలిలో తేలిరి. నా యభిప్రాయములో విమానము పుట్టినది ఇంజను బిగించిన దినమున కాదు, ఈ ఫలాహారపు బల్లయొద్దనే.

1903 డిసెంబరు 17వ తేదీని వంతు ఆర్విల్‌ది. ఇంజను గల యంత్రముపై అతడు 12 సెకండ్లలో 120 అడుగులు పోయెను. ఆనాడే నాలుగవ మాఱు విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. తండ్రి మనస్సునకు కష్టము కలుగకుండ వారు ఆదివారమున ఎగురలేదు. 1910లో 81 ఏండ్ల ఆ తండ్రిని ఆర్విల్ స్వయముగా విమానములో త్రిప్పగా, ముసలాయన భయపడుటకు మాఱుగా ఇంకను పైకి పొమ్మనెను.

అంతకు ముందే కష్టములు మొదలయ్యెను. 1908 సెప్టెంబరు 17వ తేదీని ఫోర్టు మయరునందు ఆర్విల్ నడపుచున్న విమానపు ప్రొపెల్లరు పగిలి యంత్రము కూలెను. ప్రక్కన కూర్చుండిన సెల్‌ఫ్రిడ్జి అను సైనికోద్యోగి మరణించెను. ఆర్విల్‌కు తొడ యెముక, ప్రక్కటెముకలు విఱిగెను. కాథరీను పాఠశాలకు సెలవు పెట్టి వచ్చి, వారములతరబడి ఆసుపత్రిలో పరిచర్య చేసెను. ఆమె మరల బోధనకు పోలేదు.

మృతుడైన సెల్‌ఫ్రిడ్జి, గ్రాహాం బెల్ గారు నడపిన సంఘములోనివాడు. ఆ సంఘమువారు అదే యేడు మెలిపడు ఱెక్కలకు మాఱుగా ఏలిరాన్లు గల విమానమును ఎగురవేసిరి. వారిలో నొకడైన గ్లెను కర్టిస్సు తరువాత అట్టి విమానముల నమ్మసాగగా, రైటు సోదరులు 1909లో అతనిపై వ్యాజ్యెము వేసిరి. 1906లో వారికి దొరకిన పేటెంటులో, రెండువైపుల ఱెక్కల కోణమును వేర్వేరుగా మార్చు ఉపాయమంతయు తమదని యుండెను. నిజమునకు ఏలిరాన్ వంటి దానికి ఇంగ్లండులో బౌల్టను అనునతడు 1868లోనే పేటెంటు పొందెను. అయినను 1914లో అప్పీలు కోర్టు రైటు పక్షమే తీర్పు చెప్పెను. అప్పటికి విల్బరు లేడు. 1912 మే 30వ తేదీని, 45వ యేట, టైఫాయిడు జ్వరముచే మరణించెను. ఈ వ్యాజ్యెముల అలసటయే అతనిని క్రుంగదీసినదని ఇంటివారు నమ్మిరి. గెలిచిన ఆర్విల్‌కు దానిని పంచుకొనుటకు అన్న లేకపోయెను. మెలిపడు ఱెక్క త్వరలోనే వాడుక తప్పి, ఏలిరానే నిలిచెను. 1915లో అతడు కంపెనీని అమ్మివేసి, తన చిన్న ప్రయోగశాలలో పనిచేసికొనుచుండెను.

అచ్చట పుట్టినదే అతని రెండవ కానుక. జేమ్సు జేకబ్సు అను సహాయునితో కలిసి, ఱెక్క వెనుక భాగపు అడుగు రేకు మాత్రము క్రిందికి తెఱచుకొను ఫ్లాపును కల్పించి 1924లో పేటెంటు పొందెను. దీని అవసరమేమందురా? ఱెక్క లేపు బలము వేగముయొక్క వర్గమును బట్టి యుండును. వేగము సగమైనచో బలము నాలుగవ వంతగును. నేలకు దిగు విమానము నెమ్మదిగా రావలెను, కాని పడిపోరాదు. ఫ్లాపులు రెండువైపుల సమానముగా దిగి ఱెక్క వంపును హెచ్చించి, తక్కువ వేగమునందే బరువును మోయునట్లు చేయును. గాలి నిరోధమును కూడ పెంచును. కావుననే దిగునపుడు వానిని బాగుగా దించుదురు. ఎగురునపుడు వేగము పుంజుకొనవలెను గనుక కొంచెమే దించుదురు. నేటి బోయింగు 737లో బయలుదేరునపుడు ఫ్లాపుల మీట తఱచుగా 5వ గుర్తువద్ద, దిగునపుడు 30 లేక 40వ గుర్తువద్ద ఉండును. పైకి లేచి వేగము హెచ్చినకొలది వానిని మెట్టుమెట్టుగా లోపలికి తీయుదురు. కొన్ని పెద్ద విమానములలో ఏలిరాన్లు సయితము ఫ్లాపులతోపాటు కొంత వ్రాలి, ఆ స్థితినుండియే ఒకటి పైకి, ఒకటి క్రిందికి కదలును. దిగునపుడు గాలి తాకిడికి ఏలిరాన్లు ఎడతెగక కదలుచుండుటను చూచి బెదరనక్కఱలేదు. అది ఒరుగుచున్న విమానమును సరిదిద్దుటయే. చక్రములు నేలను తాకగానే ఱెక్కపై స్పాయిలర్లను పలకలు నిటారుగా లేచి, బరువును చక్రములపై పడవేయును.

1935 డిసెంబరు 17వ తేదీని మొదట ఎగిరిన డిసి-3 విమానమునకు ఆర్విల్ చూపిన రకపు ఫ్లాపులే ఉండెను. దానినే మనవారు డకోటా యనిరి. హైదరాబాదులోని డెక్కన్ ఏర్‌వేస్ వారు బేగంపేటనుండి నడపినవి ఇవియే.

1944 ఏప్రిల్‌లో ఆర్విల్‌ను కాన్‌స్టెలేషన్ అను నాలుగింజనుల విమానములో త్రిప్పి, కొంతసేపు నడపనిచ్చిరి. దాని ఱెక్కల వెడల్పు 123 అడుగులు. అతని మొదటి ప్రయాణముకంటె మూడడుగులు ఎక్కువ. 1948 జనవరి 30వ తేదీని అతడు డేటన్‌లో గుండెజబ్బుచే మరణించెను. మహాత్మా గాంధీగారు ఢిల్లీలో హతులైనదియు ఆ తేదీననే. ఆ యేడు డిసెంబరు 17వ తేదీని, ఇరువదేండ్లు లండనులో నుండిన అతని మొదటి విమానమును వాషింగ్టనులో ప్రదర్శనకు నిలిపిరి. దానికి ఏలిరాన్లు లేవు, ఫ్లాపులు లేవు. ఱెక్కలను మెలిత్రిప్పు త్రాళ్లు మాత్రమే కలవు.