నెహ్రూనూ వదలని గీత.. ఎమర్జెన్సీలో ఆగిన పత్రిక: కార్టూనిస్ట్ శంకర్ కథ ఇదీ!

దేశ ప్రధానే స్వయంగా వచ్చి ఓ కార్టూన్ పత్రికను ప్రారంభించారు. తనను కూడా వదలొద్దని ఆ కార్టూనిస్టుకు చెప్పి మరీ వెళ్లారు. ఆయన నిజంగానే వదల్లేదు! ఆ ప్రధాని నెహ్రూ.. ఆ కార్టూనిస్ట్ కేశవ శంకర్ పిళ్లై. భారత రాజకీయ కార్టూన్ పితామహుడిగా పేరు తెచ్చుకున్న శంకర్.

లా చదువు వదిలేసి..

1902 జులై 31న కేరళలోని కాయంకుళంలో పుట్టారు శంకర్. తిరువనంతపురంలో డిగ్రీ అయ్యాక లా చదవడానికి బొంబాయి వెళ్లారు. ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఓ షిప్పింగ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఫ్రీ ప్రెస్ జర్నల్, బాంబే క్రానికల్ పత్రికలకు కార్టూన్లు పంపేవారు. 1932లో ఎడిటర్ పోతన్ జోసెఫ్ ఆయన్ను ఢిల్లీకి రప్పించి హిందుస్థాన్ టైమ్స్‌లో చేర్చుకున్నారు. 1946 వరకు అక్కడే పనిచేశారు. జిన్నాపై వేసిన ఓ కార్టూన్ నచ్చక గాంధీజీ లేఖ రాసి మందలించారు కూడా.

పది రోజుల ముందే..

1948లో సొంతంగా శంకర్స్ వీక్లీ పెట్టారు. అబూ అబ్రహాం, కుట్టి, ఓవీ విజయన్ లాంటి వాళ్లు శంకర్ దగ్గర రాటుదేలినవాళ్లే. 1964 మే 17న వచ్చిన కార్టూన్ ఇప్పటికీ చర్చకు వస్తుంది. అందులో అలసిపోయిన నెహ్రూ చేతిలో కాగడాతో పరిగెడుతుంటారు. వెనకాల గుల్జారీలాల్ నందా, శాస్త్రి, మొరార్జీ, కృష్ణ మీనన్, ఇందిరా గాంధీ. పది రోజులకే నెహ్రూ కన్నుమూశారు. ఆ వెనకున్న ఐదుగురిలో మీనన్ తప్ప అందరూ ప్రధాని కుర్చీలో కూర్చున్నారు. నందా మాత్రం తాత్కాలికంగానే!

నవ్వుకు చోటు లేదంటూ..

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 31న శంకర్స్ వీక్లీ ఆగిపోయింది. నియంతృత్వాలు నవ్వును భరించలేవని చివరి సంచికలో రాసి మరీ మూసేశారు. విచిత్రం ఏంటంటే.. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది.

పిల్లల కోసం..

శంకర్ రెండో ప్రపంచం పిల్లలు. 1949లో వాళ్ల కోసం పోటీలు మొదలుపెట్టారు. 1957లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, 1965లో ఢిల్లీలో అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఏర్పాటు చేశారు. 1989 డిసెంబర్ 26న కన్నుమూశారు.

ఆయన పోయినా ఆ గీతల వేడి తగ్గలేదు. రాజ్యాంగ రచన నత్తనడకన సాగుతోందంటూ 1949లో వేసిన కార్టూన్‌లో అంబేడ్కర్‌ను చూపిన తీరుపై 2012లో పార్లమెంట్ దద్దరిల్లింది. చివరికి దాన్ని స్కూలు పుస్తకం నుంచి తీసేస్తామని కేంద్రం ప్రకటించాల్సి వచ్చింది. ఏలేవాళ్లు తమ మీద జోకును ఎంతవరకు తట్టుకోగలరు? శంకర్ జీవితమంతా అడిగిన ప్రశ్న అదే.