నల్లకుండల మరియా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నైఋతి దిక్కున న్యూ మెక్సికో అను రాష్ట్రము కలదు. అది వానలు మిక్కిలి తక్కువగా కురియు ఎడారి సీమ. అందు రియో గ్రాండ్ నది చెంత, శాంటా ఫే పట్టణమునకు వాయవ్యముగా శాన్ ఇల్డెఫాన్సో అను చిన్న పల్లె యున్నది. పచ్చియిటుకల మిద్దెలు, వాని నడుమ విశాలమైన ముంగిలి, వెలుపల మొక్కజొన్న చేలు. అచటివారు తేవా భాష మాటలాడు ప్యూబ్లో జాతివారు. కొలంబసు రాకకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే వారి పెద్దలు ఆ సీమలో పంటలు పండించిరి, కుండలు చేసిరి. ఆ పల్లెలో సుమారు 1887లో మరియా జన్మించెను. తేవా భాషలో ఆమె పేరు పోవెకా. దానికి కలువ యని యర్థము. నీరు కఱవైన నేలపై బిడ్డకు కలువ పేరు పెట్టిన వారి మనస్సు మనకు తెలియకపోదు.

బాల్యముననే మరియా తన పినతల్లి నికొలాసా చెంత కూర్చుండి కుండలు చేయుట నేర్చుకొనెను. మన కుమ్మరివలె వారు సారెను త్రిప్పరు. మట్టిని త్రాళ్లవలె పేని, చుట్టపై చుట్ట పేర్చి, వేళ్లతో అదిమి గోడ లేపుదురు. చక్రము లేకయే ఆమె చేతిలో కుండ చక్కని గుండ్రదనము పొందెడిది. కాని ఆనాటికే ఆ విద్యకు చెడ్డదినములు వచ్చియుండెను. 1880లో రైలు ఆ సీమకు వచ్చినది. దానితో రేకు గిన్నెలును వచ్చినవి. కొననేర్చినవారికి కుండతో పనియేమి? మన పల్లెలలోను ఇట్టిదే జరిగినది గదా!

1904లో మరియా జూలియన్ మార్టినెజ్‌ను వివాహమాడెను. ఆ యేడే నూతన దంపతులు సెయింట్ లూయిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు పోయి, జనుల యెదుట కుండలు చేసి చూపిరి. అటుపిమ్మట హ్యూయెట్ అను పురావస్తు పండితుడు సమీపమందలి పీఠభూమిపై పురాతన గ్రామములను త్రవ్వించుచుండగా జూలియన్ అందు కూలికి కుదిరెను. త్రవ్వకములలో దొరకిన పెంకులను మరియాకు చూపి, అట్టి కుండలను మరల చేయగలవా యని ఆ పండితుడు కోరెను. ఆమె చేసి చూపెను. 1909 నుండి కొన్నియేండ్లు జూలియన్ శాంటా ఫేలోని వస్తుప్రదర్శనశాలలో ఊడ్చి తుడుచు పనిలో నుండెను. ఊడ్చుచునే అచటి ప్రాచీన పాత్రలపై చిత్రములను తదేకముగా చూచి గీసికొనెడివాడు. ఆ చీపురుపని వృథాపోలేదు.

ఇక వారి నల్లకుండల సంగతి. మట్టి త్రవ్వుటకు ముందు భూమికి మొక్కజొన్నపిండి సమర్పించుట వారి యాచారము. ఆ మట్టిలో అగ్నిపర్వతపు బూడిద కలిపి కుండ చేసి, ఎండిన పిదప సన్నని మట్టిపూత పూసి, నునుపైన రాతితో రుద్దుదురు. పూత ఆరకముందే మెఱుగు పూర్తి కావలెను. నడుమ ఆగిన పని చెడును. అట్టి రాళ్లు తల్లి నుండి కూతునకు సంక్రమించు సొత్తు. మెఱుగుపై జూలియన్ వేఱొక పూతతో నీటిసర్పమును, ఈకలను చిత్రించెడివాడు. తరువాత కుండలను పేర్చి, కట్టెలు, ఎండిన పిడకలు చుట్టును అమర్చి నిప్పు పెట్టుదురు. మంట బాగుగా రగిలినప్పుడు పొడిచేసిన పేడను దానిపై క్రుమ్మరింతురు. గాలి యందక పొగ లోపలనే చిక్కును. ఎఱ్ఱబడవలసిన మట్టి నల్లబడును. నల్లకుండలు ఇరుగుపొరుగు పల్లెలకు క్రొత్తవి కావు. నిగనిగలాడు నలుపుపై మెఱయని నలుపుతో బొమ్మ నిలుపుట మాత్రము ఈ దంపతులు 1919 ప్రాంతమున సాధించిన వింత.

ఆ సమయమున ఆ పల్లె మిక్కిలి దుఃస్థితిలో నుండెను. 1918 నాటి విషజ్వరము అనేకులను బలిగొనినది. వ్యవసాయము కడుపు నింపుట లేదు. మరియా తన నేర్పును దాచుకొనియున్నచో ఒక్క యింటికి మాత్రమే భాగ్యము కలిగెడిది. ఆమె ఇరుగుపొరుగు స్త్రీలకు ఆ విద్య నేర్పెను. కుండపై పేరు వ్రాయుట వారి వాడుక కాదు. కొనువారి కొఱకు 1920 తరువాత ఆమె తన పేరు వ్రాయసాగెను. పేరున్న కుండకు వెల హెచ్చునని తెలిసి ఇతరులు తమ కుండలు తెచ్చి యడుగగా, వానిపైనను తన పేరే వ్రాసియిచ్చెను! ఇది న్యాయమా యని మీరడుగవచ్చును. కొన్నవారి దృష్టిలో అది మోసమే. పేరు ఒకరి సొత్తని యెఱుగని పల్లె దృష్టిలో, అన్నము పంచుకొనుట వంటిది. ఈ రెంటిలో ఏది సరియో తేల్చుట నాకును సులభముగా లేదు.

డబ్బుతో పాటు కష్టమును వచ్చినది. జూలియన్ మద్యమునకు లోబడి కొంతకాలము ఇంటికి బాధ కలిగించెను. అతడు 1943లో మరణించెను. మరియా పని మానలేదు. కోడలు సంతానా చిత్రములు గీయగా, అటుపిమ్మట కుమారుడు పోపోవి దా చిత్రించి క్రొత్త వన్నెలు సాధింపగా, ఆమె వ్రేళ్లు మట్టిని విడువలేదు. 1971లో ఆ కుమారుడును ఆమె కన్నుల యెదుటనే గతించెను. ఆమె అమెరికా అధ్యక్షుల భవనమునకు పలుమార్లు ఆహ్వానింపబడెను. ఐనను తిరిగివచ్చి తన పల్లెలోనే యుండెను.

1980 జులై 20వ తేదీన మరియా కన్నుమూసెను. ఆమె కుండలు నేడు పెక్కు దేశముల ప్రదర్శనశాలలలో గాజుపెట్టెల యందున్నవి. ఆమె వంశమువారు మాత్రము మట్టి తెచ్చి, నలిపి, రాతితో మెఱుగు పెట్టుచునే యున్నారు.