వంకరపోయిన వేళ్లతో వెలుగు పంచిన డాక్టర్ వెంకటస్వామి

హాస్టల్‌లో ప్రతి సంవత్సరం ఇద్దరు ముగ్గురు మిత్రులను చూస్తూనే ఉంటాం. బోర్డు మీద అక్షరాలు ఆనక పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటారు. సారు కోప్పడతారని, తోటివాళ్లు సోడాబుడ్డి అని ఏడిపిస్తారని బయటకు చెప్పరు. సెలవులకు ఇంటికి వెళ్తే గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ గొంతు విని గానీ మనల్ని గుర్తుపట్టదు. వయసు మీద పడింది కదా అని ఊరుకుంటాం. కళ్లజోడుతోనో, చిన్న ఆపరేషన్‌తోనో పోయే ఈ చీకటిని తలరాత అనుకోకూడదని జీవితాంతం పాటుపడిన మహనీయుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

వెంకటస్వామి గారు 1918 అక్టోబర్ 1న తమిళనాడు దక్షిణాన ఎట్టయపురం దగ్గర వడమలాపురం అనే పల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. మన ఎడ్లపాడు చుట్టుపక్కల లాగే అదీ నల్లరేగడి నేల, పత్తి పండే ప్రాంతం. ఎన్నో తరాల కిందట వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు నేటికీ ఆ పల్లెల్లో ఉన్నాయి. ఆయన చదువు మొదలుపెట్టిన రోజుల్లో ఆ ఊరి పిల్లలకు పలకా లేదు, పెన్సిలూ లేదు. ఏటి ఇసుక తెచ్చి నేల మీద పరచుకుని వేలితో అక్షరాలు దిద్దారు. చిన్నతనంలోనే ఆయనకు అక్కచెల్లెళ్ల వరసయ్యే ముగ్గురు అమ్మాయిలు గర్భిణులుగా ఉండగా వైద్యం అందక చనిపోయారు. డాక్టరై పురుళ్లు పోయాలని, అటువంటి చావులు ఆపాలని ఆయన అప్పుడే నిశ్చయించుకున్నారు.

మదురైలోని అమెరికన్ కాలేజీలో రసాయన శాస్త్రంతో డిగ్రీ చదివారు. 1944లో మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరుగా బయటకు వచ్చి సైన్యంలో వైద్యుడిగా చేరారు. అంతా అనుకున్నట్టే జరుగుతున్న సమయంలో పిడుగు పడింది. తీవ్రమైన కీళ్లవాతం ఆయనను మంచాన పడేసింది. 1948లో సైన్యం వదలవలసి వచ్చింది. నడవడానికి కాదు కదా, పెన్ను పట్టుకోవడానికి కూడా వేళ్లు సహకరించేవి కావు. కొంత కోలుకున్నా చేతివేళ్లు మాత్రం వంకరపోయి అలాగే ఉండిపోయాయి. ఆ చేతులతో పురుళ్లు పోయడం సాధ్యం కాదని తేలిపోయింది.

చిన్ననాటి కల చెదిరినా ఆయన వైద్యం వదలలేదు, కంటి వైద్యం వైపు మళ్లారు. కంటి ఆపరేషన్ అంటే వెంట్రుకవాసి పని. తన వేళ్లకు అనువుగా ఉండే పనిముట్లు తయారు చేయించుకుని, కత్తి పట్టడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ వంకర వేళ్లతోనే ఒక్కరోజులో నూరు ఆపరేషన్లు చేసే స్థాయికి చేరుకున్నారు. ఆయన జీవితంలో స్వయంగా చేసిన కంటి ఆపరేషన్లు లక్షకు పైగా ఉన్నాయి.

1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగానికి అధిపతి అయ్యారు. ఆసుపత్రిలో కూర్చుంటే పల్లెల్లోని గుడ్డివారు తన దగ్గరకు రాలేరని గ్రహించి, బృందాన్ని వెంటబెట్టుకుని తానే పల్లెలకు వెళ్లి కంటి శిబిరాలు పెట్టారు. మన దేశంలో చూపు పోవడానికి పెద్ద కారణం శుక్లం. కంటిలోని సహజమైన కటకం మసకబారి వెలుతురును లోపలికి రానివ్వదు. దాన్ని తీసేస్తే చూపు తిరిగి వస్తుంది. ఆయన సేవలకు 1973లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

1976లో ప్రభుత్వ ఉద్యోగం నుంచి పదవీ విరమణ పొందారు. అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో ఆయన అసలు పని ప్రారంభించారు. పెళ్లి చేసుకోలేదు, వెనక ఆస్తి లేదు. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. ఇల్లు తాకట్టు పెట్టి, తోబుట్టువులను కలుపుకుని మదురైలో 11 పడకలతో కంటి ఆసుపత్రి తెరిచారు. తాను ఆరాధించే శ్రీ అరవిందుల పేరు మీద దానికి అరవింద్ కంటి ఆసుపత్రి అని పేరు పెట్టారు. అక్కడ డబ్బు చెల్లించాలో, ఉచితంగా చేయించుకోవాలో రోగే నిర్ణయించుకుంటాడు. ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగరు. ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన తల్లిదండ్రులకు ఈ మాట విలువ బాగా తెలుస్తుంది. చెల్లించగలవారు ఇచ్చిన రుసుముతోనే పేదల ఆపరేషన్లు జరుగుతాయి.

అయితే ఆపరేషన్ ఉచితం అన్నంత మాత్రాన పేదలు వచ్చేస్తారా? రాలేదు. శిబిరంలో పేరు రాయించుకున్న వారిలో చాలామంది ఆసుపత్రికి చేరలేదు. కారణం భయం ఒక్కటే కాదు. బస్సు చార్జీ లేదు, తోడు వచ్చేవారు లేరు, వస్తే ఆ రోజుల కూలి పోతుంది, పట్నంలో తిండి ఎవరు పెడతారు? ఇది తెలిశాక వెంకటస్వామి గారి బృందం రోగులను శిబిరం నుంచే బస్సులో ఎక్కించుకుని వెళ్లి, భోజనం, పడక ఇచ్చి, ఆపరేషన్ అయ్యాక తిరిగి దింపే ఏర్పాటు చేసింది. పేదవాడి కంటికీ వైద్యానికీ మధ్య ఉన్నది జబ్బు కన్నా ఈ దూరమే అని ఆయన జీవితం మనకు నేర్పుతుంది.

ఎక్కువమందికి తక్కువ ఖర్చుతో చూపు తేవడానికి పని పద్ధతినే మార్చారు. డాక్టరు ఒక బల్ల మీద ఆపరేషన్ చేస్తుండగా పక్క బల్ల మీద తరువాతి రోగిని సిద్ధం చేస్తారు. ఇది పూర్తి కాగానే డాక్టరు అటు తిరుగుతాడు. సిద్ధం చేసే పని, పరీక్షల పని పల్లెల నుంచి వచ్చి శిక్షణ పొందిన అమ్మాయిలు చూసుకుంటారు. ఇంటర్ చదివిన పేదింటి ఆడపిల్లలు అలా కంటి వైద్యానికి వెన్నెముక అయ్యారు.

ఈ పనికి ప్రపంచం నలుమూలల నుంచి చేయూత వచ్చింది. పన్నెండేళ్ల వయసులో చూపు కోల్పోయిన బ్రిటన్ దేశస్థుడు సర్ జాన్ విల్సన్ 1950లో స్థాపించిన సంస్థే నేటి సైట్‌సేవర్స్. ఆ సంస్థ ఆయనకు అండగా నిలిచింది. మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టర్ లారీ బ్రిలియంట్ తదితరులు 1978లో అమెరికాలో సేవా ఫౌండేషన్‌ను ప్రారంభించినప్పుడు వెంకటస్వామి గారు కూడా వారితో ఉన్నారు. నేపాల్, భారత్ వంటి దేశాలలో నివారించదగిన అంధత్వంపై ఆ సంస్థ పనిచేస్తోంది. శుక్లం తీసిన చోట అమర్చే కృత్రిమ కటకం విదేశాల నుంచి కొంటే అప్పట్లో సుమారు 100 డాలర్లు. పేదలకు అది అందని పండు. సేవా ఫౌండేషన్ సహకారంతో 1992లో మదురైలో ఆరోల్యాబ్ ఏర్పడి, ఆ కటకాన్ని పది డాలర్ల లోపుకు తెచ్చింది. నేడు అవి వందకు పైగా దేశాలకు వెళ్తున్నాయి.

వెంకటస్వామి గారు 2006 జూలై 7న తన 87వ ఏట కన్నుమూశారు. 11 పడకల ఆసుపత్రి ఇప్పుడు అనేక ఆసుపత్రులుగా పెరిగింది. 2019లో మన తిరుపతిలో కూడా ఒకటి వెలసింది.

మిత్రులారా, పలక లేని పిల్లవాడు ఇంతటివాడయ్యాడని చప్పట్లు కొట్టి పుస్తకం మూసేస్తే ఈ వ్యాసం రాసిన ఫలితం లేదు. శిబిరం నుంచి ఆసుపత్రికి తీసుకువెళ్లే తోడు కోసమే ఆయన అంత తాపత్రయపడ్డారు. మన ఇళ్లలో ఆ తోడు మనమే కావాలి. ఈ సెలవుల్లో నాయనమ్మ ముఖం ముందు వేళ్లు చూపించి ఎన్నో చెప్పమని అడుగుదాం. చెప్పలేకపోతే గుంటూరు పెద్దాసుపత్రికో, హైవే మీదే ఉన్న పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికో చెయ్యి పట్టుకుని తీసుకువెళ్దాం. బోర్డు కనపడని మిత్రుడి సంగతి వార్డెన్ గారికి చెబుదాం. సోడాబుడ్డి అన్న మాట మన హాస్టల్‌లో ఇక వినపడకూడదు. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఏటా ఒక కంటి శిబిరం మన హాస్టల్‌లో పెట్టిస్తే, ఆ మహనీయునికి మనందరం కలిసి అర్పించే నివాళి అదే అవుతుంది.