అట్టల పెట్టె వెనక మనిషి

మా బండారులంక వైపు జకార్డు అంటే మగ్గం మీద బిగించే పెట్టె, దానికి వేలాడే చిల్లుల అట్టలు. అదొక మనిషి పేరని నాకూ ఎఫ్‌పీజీఏ ల్యాబ్‌కి వచ్చేదాకా తెలీదు.

జోసెఫ్ మరీ జకార్డ్ 1752లో ఫ్రాన్సులోని లియాన్‌లో పుట్టాడు. తండ్రి పట్టు నేతగాడు. అప్పట్లో బుటా నేయాలంటే పక్కన ఇంకొకరు ఉండి, పేక పేకకీ లేవాల్సిన పడుగు పోగుల తాళ్లు లాగాలి. తండ్రి పోయాక వచ్చిన ఆస్తి నిలవలేదు. విప్లవం రోజుల్లో పోరాటానికి వెళ్లాడు, కొడుకుని యుద్ధంలో పోగొట్టుకున్నాడు. పేరొచ్చేసరికి యాభై ఏళ్లు.

చిల్లుల అట్టలు ఆయన కనిపెట్టినవి కావు. బూషాన్, ఫాల్కన్, వోకాన్సన్ ముందే ఆ దారి వేశారు. పారిస్‌లో వోకాన్సన్ పాత మగ్గం చూసి, వాళ్ల ఆలోచనలన్నీ కలిపి 1804 ప్రాంతంలో పనికొచ్చే యంత్రం చేశాడు. చిల్లు ఉన్నచోట సూది దూరి పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద వేరే డిజైన్. మన చిప్‌లో బిట్‌స్ట్రీమ్ చేసేదీ ఇదే కదా!

అసలు గొడవ ఇక్కడే. నెపోలియన్ ప్రభుత్వం ఆ యంత్రాన్ని అందరిదీ చేసేసింది. బదులుగా జకార్డ్‌కి ఏడాదికి 3,000 ఫ్రాంకుల పింఛను, కొన్నాళ్లపాటు అమ్ముడైన ప్రతి మగ్గానికీ 50 ఫ్రాంకులు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పీస్‌కి ఇంత అని రాయల్టీ. నాకైతే బేరం బాగానే ఉందనిపిస్తుంది. తాళ్లు లాగి బతికేవాళ్లకి మాత్రం కడుపు మండింది, మగ్గాన్ని విరగ్గొట్టారు. యంత్రంలో లోపాలూ ఉండేవి. తర్వాత బ్రెతోన్ సరిచేశాకే బాగా పాకింది.

మగ్గం అందరిదైనా డిజైన్ అందరిదీ కాలేదు. లియాన్ కోసం 1806 మార్చిలో ఒక చట్టం వచ్చింది. నేత నమూనాను సీలు వేసి దాచిపెట్టుకోవచ్చు. ఏడాదికో, మూడేళ్లకో, ఐదేళ్లకో, శాశ్వతంగానో హక్కు కోరుకోవచ్చు. తగాదా వస్తే ఆ సీలే సాక్ష్యం. కానీ అట్టల దండ చేతికి చిక్కితే కాపీ కొట్టకుండా ఆపే తాళం ఏదీ లేదు. ఎస్‌ర్యామ్ రకం ఎఫ్‌పీజీఏకీ అదే తంటా: కరెంటు పోతే డిజైన్ మర్చిపోతుంది, ఆన్ చేసినప్పుడల్లా బయటి మెమొరీ నుంచి లోడవ్వాలి, ఆ దారిలో వైరు పెట్టి చదివేయొచ్చు. అందుకే బిట్‌స్ట్రీమ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవిని చిప్‌లోనే దాచడం మొదలెట్టారు. వర్టెక్స్-2 తాళాన్నైతే 2011లో పరిశోధకులు కరెంటు వాడకం కొలిచి బయటికి లాగేశారు.

జకార్డ్ 1834లో పోయాడు. ఐదేళ్లకి లియాన్‌లో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు, సుమారు 24,000 అట్టలతో. ఒక ప్రతి లండన్‌లో చార్లెస్ బాబేజ్ ఇంటికి చేరింది.